ఎనిమిది స్టెప్పుల సీక్వెన్స్ రెండు నిమిషాలకే విసుగొస్తోంది. మీరు మార్పు ఎలా తెస్తారు?

అర్ధరాత్రి_ఆసిలేటర్
ఆరు నెలలుగా ల్యాప్‌టాప్‌లో వీసీవీ ర్యాక్ (మాడ్యూళ్ళని కేబుళ్ళతో కలుపుకునే మాడ్యులర్ సింథసైజర్ సాఫ్ట్‌వేర్) ఉచిత వెర్షన్ వాడుతున్నాను. ప్యాచ్ (కేబుళ్ళ కూర్పు) పెద్దదేం కాదు. ఒక క్లాక్, ఒక సీక్-3 (క్లాక్ కొట్టినప్పుడల్లా ఒక్కో స్టెప్ జరిగే ఎనిమిది స్టెప్పుల సీక్వెన్సర్). దాని మొదటి వరుస క్వాంటైజర్ మీదుగా స్వరం పుట్టించే ఆసిలేటర్‌కి, అక్కణ్ణుంచి ఫిల్టర్‌కి, శబ్దం హెచ్చుతగ్గులు చూసే వీసీఏకి వెళ్తుంది. పక్కన కిక్, హై-హ్యాట్. క్వాంటైజర్‌లో మోహనం స్వరాలు పెట్టుకున్నాను: స, రి2, గ3, ప, ధ2.

మొదటి నిమిషం నాకే ముద్దొస్తుంది. రెండో నిమిషానికి విసుగు. మూడో నిమిషానికి పక్క గదిలోంచి అమ్మ: "ఎవరో కారు రివర్స్ తీస్తున్నట్టున్నారు, వెళ్ళి గేటు తియ్యరా."

సరే అని రాండమ్ వోల్టేజ్ తెచ్చి పిచ్‌కి కలిపితే మెట్ల మీంచి గిన్నెలు దొర్లినట్టుంది. నాకు తెలిసినవి రెండే: అసలు మారకపోవడం, మొత్తం మారిపోవడం. ఈ రెండింటి మధ్యలో ఏముంటుంది? కొత్త మాడ్యూల్ కొనమని మాత్రం చెప్పకండి.

సోల్డర్_సుబ్బు
అమ్మగారికి మాడ్యులర్ వచ్చు. గేట్ ప్యాటర్న్ మార్చమన్నారు, మీకే అర్థం కాలేదు.

కొత్త_కేబుల్
😂😂 ఈ థ్రెడ్ ఫాలో అవుతున్నా

వోల్టేజ్_వైజాగ్
సుబ్బు జోక్ వేశాడు గానీ నా సలహా కూడా అదే. ముందు పిచ్ జోలికి వెళ్ళకండి, గేట్ (స్వరం ఎప్పుడు మోగాలో చెప్పే సిగ్నల్) మార్చండి. ఎనిమిది స్వరాలూ అలాగే ఉంచి, సీక్-3 గేట్ ఔట్‌ని బెర్నూలీ గేట్ (ఒక్కో పల్స్‌ని అదృష్టాన్ని బట్టి వదిలే మాడ్యూల్) గుండా పంపండి. ఆడిబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ సెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. నాబ్‌ని 80 శాతం దగ్గర పెడితే ఐదింట్లో ఒకటి రాలిపోతుంది. ఏది రాలుతుందో ముందుగా తెలియదు. ట్యూన్ అదే, ఊపిరి తీసుకునే చోటు మాత్రం ప్రతిసారీ వేరు.

ఒక జాగ్రత్త. మొదటి స్టెప్ రాలిపోతే ప్యాటర్న్‌కి తల ఎగిరిపోయినట్టే. అందుకని క్లాక్‌ని 8తో డివైడ్ చేసిన పల్స్ (ఎనిమిది క్లాకులకి ఒకటి) తీసుకుని, బెర్నూలీ నుంచి వచ్చేదానితో ఆర్ లాజిక్‌లో (రెండింట్లో ఏది వచ్చినా దాటనిచ్చేది) కలపండి. సమం, అంటే మొదటి దెబ్బ, ఎప్పుడూ మోగుతుంది, మిగతా ఏడూ అదృష్టాన్ని బట్టి.

తీన్మార్_303
నేనైతే రెండో సీక్-3 పెడ్తా. దాని స్టెప్స్ నాబ్ 5 మీద వెట్టి ఫిల్టర్ కటాఫ్‌కి (సౌండ్ ఎంత మొద్దుగుండాలె, ఎంత పదునుగుండాలె అనేది) కలుపుతా. పిచ్ 8కి తిరుగుతది, ఫిల్టర్ 5కి తిరుగుతది. రెండూ మళ్ల ఒక్క దగ్గర కలవాలంటే 40 స్టెప్పులు వట్టుద్ది. గంతసేపు ఏ చుట్టూ ముందటి దాని లెక్క ఉండదు. రాండమ్ లేదు, ఏం లేదు, ఉత్త లెక్క.

లలిత_ఎల్‌ఎఫ్‌ఓ
40 స్టెప్పులన్నది కాగితం మీద బాగుంటుంది. వినేవాడు 40 లెక్కపెట్టుకోడు. అతనికి చెవిన పడేది "ఏదో మారుతోంది, ఎందుకో తెలియదు" అన్నదే. రెండు పొడవులు పెట్టి వదిలేసి దాన్ని వేరియేషన్ అనడం కొంచెం బద్ధకమే అని నా అభిప్రాయం.

తీన్మార్_303
అక్కా, బద్ధకం లేకుంటే మనం సీక్వెన్సర్ ఎందుకు కొంటం, చేతులతోనే వాయించేటోళ్ళం కదా.

సోల్డర్_సుబ్బు
ఈ మాట ప్రింట్ తీసి ర్యాక్ మీద అంటించుకుంటా.

డల్లాస్_డ్రోన్
"మధ్యలో ఏముంటుంది" అన్న ప్రశ్నకి సూటి జవాబు షిఫ్ట్ రిజిస్టర్. మ్యూజిక్ థింగ్ మాడ్యులర్ వాళ్ళు 2012లో తెచ్చిన ట్యూరింగ్ మెషీన్ లోపల ఉన్నది అదే: 16 బిట్లు వరసగా తిరుగుతుంటాయి, పెద్ద నాబ్ ఒకటి ఉంటుంది. నాబ్ నడిమిలో ఉంటే పూర్తి రాండమ్. కుడి చివరికి తిప్పితే లూప్ బిగుసుకుపోతుంది, ఇక మారదు. చివరికి కాస్త ఇవతల ఆపితే అప్పుడప్పుడూ ఒక్క బిట్ తిరగబడుతుంది. పది చుట్లు అలాగే వస్తుంది, పదకొండోసారి ఒక స్వరం వేరే. ఎడమ చివరికి తిప్పితే మళ్ళీ బిగుసుకుంటుంది గానీ లూప్ పొడవు రెట్టింపు.

మ్యూటబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ మార్బుల్స్‌లో డేజా వూ నాబ్‌ది కూడా దాదాపు ఇదే పని, అమరిక వేరు. ఎడమ చివర ఎప్పటికప్పుడు కొత్త స్వరాలు. సరిగ్గా నడిమిలో లూప్ తాళం పడుతుంది. అక్కణ్ణుంచి కుడికి వెళ్తే అవే స్వరాలు, వరస తప్పి వస్తాయి. వాళ్ళ కోడ్ ఓపెన్ సోర్స్ కాబట్టి ఇది కూడా ఆడిబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్‌లో ఉచితమే. పైసా ఖర్చు లేదు.

అర్ధరాత్రి_ఆసిలేటర్
రాత్రి మార్బుల్స్ పెట్టి చూశా. మాట నిజమే, గిన్నెల చప్పుడు పోయింది. కానీ ఒక బాధ. నేను కష్టపడి పెట్టుకున్న ఎనిమిది స్వరాలు అందులో లేవు, అది పెట్టుకున్నవే వస్తున్నాయి. ఇల్లు నాది, వంట హోటల్‌ది అన్నట్టుంది.

వోల్టేజ్_వైజాగ్
అందుకే చెప్పా, పిచ్ ముట్టుకోకండని.

లలిత_ఎల్‌ఎఫ్‌ఓ
పిచ్ ముట్టుకోవచ్చు, ఎక్కడ ముట్టుకోవాలో తెలిస్తే. ఇంకో సీక్వెన్సర్‌ని నెమ్మదిగా నడపండి, ఎనిమిది స్టెప్పులకి ఒక్క అడుగు. దాని వోల్టేజ్‌ని మీ ట్యూన్‌కి కూడండి. ఆక్టేవ్‌కి 1 వోల్ట్ కాబట్టి అరస్వరానికి 1/12 వోల్ట్. పంచమం ఎత్తుకి జరపాలంటే 7/12, అంటే 0.583. ట్యూన్ రూపం అలాగే ఉంటుంది, ఒక చుట్టు కింద, ఒక చుట్టు పైన.

ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు. కూడిక క్వాంటైజర్‌కి ముందా, తర్వాతా? తర్వాత కూడితే మోహనం స రి గ ప ధ కాస్తా ప ధ ని3 రి గ అవుతుంది. కాకలి నిషాదం ఊడిపడింది, అది మోహనంలో లేదు. ముందే కూడితే క్వాంటైజర్ ఆ నిషాదాన్ని దగ్గర్లో ఉన్న స మీదకి లాగుతుంది: ప ధ స రి గ. రాగం నిలబడుతుంది, ట్యూన్ రూపం కొంచెం వంగుతుంది. నాకు ఆ వంగడమే ఇష్టం. "అదే ట్యూన్ గానీ అదే కాదు" అనిపించేది అక్కడే.

కొత్త_కేబుల్
క్వాంటైజర్ అంటే ఆటో ట్యూన్ లాంటిదా?

లలిత_ఎల్‌ఎఫ్‌ఓ
ఆటో ట్యూన్ గొంతుని సరిచేస్తుంది. ఇది వోల్టేజ్‌ని దగ్గర్లో ఉన్న స్వరం మెట్టు మీద నిలబెడుతుంది. బుద్ధి ఒకటే, సరుకు వేరు.

తీన్మార్_303
బాలీవుడ్ల వాయించిన చరణ్‌జిత్ సింగ్ గారు 1982ల రోలాండ్ టీబీ-303 (బేస్ మెషీన్), టీఆర్-808 (డ్రమ్ మెషీన్) వెట్టుకొని బొంబాయిల రాగాలు వాయించి రికార్డ్ చేసిండ్రు. 303ల ప్యాటర్న్‌కి 16 స్టెప్పులే. గండ్ల ప్రాణం వోసేది స్వరాలు గాదు, ఏ స్టెప్పుల యాక్సెంట్ (గట్టిగ కొట్టుడు), ఏ స్టెప్పుల స్లైడ్ (జారుడు) అన్నదే. నా పేరుల 303 ఊకెనే వెట్టుకోలే.

డల్లాస్_డ్రోన్
అంతకంటే ముందే, 1969లో అమెరికన్ సంగీతకారుడు డేవిడ్ ట్యూడర్ అహ్మదాబాద్ ఎన్‌ఐడీలో (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) మూగ్ సింథసైజర్‌తో స్టూడియో ఏర్పాటు చేశారు. అక్కడ మనవాళ్ళు చేసిన టేపులు ఇప్పుడు వినడానికి దొరుకుతున్నాయి. మూగ్ అంటే గుర్తొచ్చింది, 960 సీక్వెన్సర్‌లో ఎనిమిదేసి స్టెప్పుల వరుసలు మూడు. మూడో వరుసని స్వరానికి బదులు కాలానికి వాడుకోవచ్చు, ఏ స్టెప్ ఎంతసేపు నిలవాలో అదే చెబుతుంది. స్వరాలు అవే, కాలం సాగుతుంది, కుంచించుకుంటుంది. సీక్-3లోనూ ఒక వరుసని క్లాక్ వేగం సీవీకి (వోల్టేజ్‌తో వేగం మార్చే ఇన్‌పుట్) తిప్పి కలిపి చూడండి. కాస్త కలిపితే మనిషి వాయించినట్టు, ఎక్కువైతే తాగి వాయించినట్టు.

సోల్డర్_సుబ్బు
మీరంతా సాఫ్ట్‌వేర్‌లో సుఖంగా ఉన్నారు. నేను పోయిన నెల మాడ్యూల్‌కి కరెంటిచ్చే రిబ్బన్ కేబుల్ తిప్పి పెట్టా. ఎర్ర గీత మైనస్ 12 వోల్టుల వైపు ఉండాలని పదేళ్ళుగా అందరికీ నేనే చెబుతున్నా. నా చేత్తోనే పెట్టా, నా కళ్ళ ముందే పొగ వచ్చింది. ఇప్పుడు ఆ సీక్వెన్సర్‌లో వేరియేషన్ అంటే వాసన ఒక్కటే.

కొత్త_కేబుల్
RIP అనాలా నవ్వాలా తెలియట్లేదు అన్నా

వోల్టేజ్_వైజాగ్
కొత్త_కేబుల్, ఇక్కడ అంతా తెలుగు లిపే. వేదిక నియమాలు చదువు తమ్ముడూ 🙂

కొత్త_కేబుల్
సారీ అన్నా. ఆత్మకు శాంతి కలుగుగాక.

మృదంగం_వారబ్బాయి
నాకు మాడ్యులర్ లేదు. మా తమ్ముడు వాయిస్తాడు, వాడి పుణ్యమా అని ఇక్కడ చదువుతుంటాను. మీరు ఇందాకట్నుంచి మాట్లాడుకుంటున్నది మాకు రోజూ ఉండే పనే, పేర్లు వేరు.

8 మీద 5 వదిలేస్తే లలిత గారన్నట్టు వినేవాడికి ఆధారం దొరకదు. ఎందుకంటే ఇంటికి రావడం లేదు. మేం ఏం చేస్తామంటే, ఆదితాళం ఒక ఆవృతం (ఒక చుట్టు, 8 దెబ్బలు) చతురస్ర గతిలో, అంటే దెబ్బకి 4 చొప్పున, 32 అక్షరాలు. అందులో మిశ్రం (7 అక్షరాల ముక్క) వేయాలనుకుంటే తకిటతకధిమి నాలుగుసార్లు, 28. మిగిలిన 4కి ఒక తకధిమి. 32కి సమం మీద వచ్చి పడతాం. మధ్యలో ఎంత తిరిగినా ఇంటికొచ్చే వేళ తెలుసు.

మీ భాషలో చెప్పాలంటే ట్యూన్ పొడవు 7 పెట్టండి, 32కి ఒకసారి రీసెట్ కొట్టండి. నాలుగు పూర్తి చుట్లు తిరిగి, ఐదో చుట్టు నాలుగు స్వరాల దగ్గర తెగి మళ్ళీ మొదటికి వస్తుంది. ఆ తెగడమే వినడానికి బాగుంటుంది.

ఇంకొకటి ముక్తాయి. ఒకే ముక్క మూడుసార్లు వేసి సమంలో దిగడం. 16 స్టెప్పుల్లో కావాలంటే: తకధిమి, రెండు ఖాళీ, తకధిమి, రెండు ఖాళీ, తకధిమి. 4+2+4+2+4. అంటే గేట్లు 1-4, 7-10, 13-16లో ఉండాలి. రోజంతా వేయకూడదు, నాలుగు ఆవృతాలకి ఒకసారి చాలు.

తీన్మార్_303
అన్నా, గిదే నేను చెప్పిన 8-5, మీరు జర రీసెట్ కలిపిండ్రు.

మృదంగం_వారబ్బాయి
రీసెట్ కలపడమే కదా సంగతంతా.

డల్లాస్_డ్రోన్
ముక్తాయిని ప్యాచ్ చేయాలంటే: ఆ గేట్లు పెట్టిన 16 స్టెప్పుల సీక్వెన్సర్ ఒకటి విడిగా నడుస్తుండాలి, మామూలు ప్యాటర్న్ ఒకటి. రెండింటినీ సీక్వెన్షియల్ స్విచ్‌లోకి పంపి, ఎప్పుడు ఏది బయటికి రావాలో నెమ్మది క్లాక్‌తో మార్చండి. మూడుసార్లు మామూలుది, నాలుగోసారి ముక్తాయి. నాలుగు ఇన్‌పుట్ల స్విచ్ అయితే మొదటి మూడింటికీ ఒకే కేబుల్ చీల్చి పెట్టుకోవడమే.

లలిత_ఎల్‌ఎఫ్‌ఓ
గోపుచ్ఛ యతి కూడా కుదురుతుంది. ఆవు తోకలా సన్నబడుతూ 8, 7, 6, 5, 4, చివర 2 ఖాళీ. మొత్తం 32. సీక్-3లో స్టెప్స్‌కి సీవీ ఇన్‌పుట్ ఉంది, ఇంకో నెమ్మది సీక్వెన్సర్‌తో పొడవుని తగ్గిస్తూ పోవచ్చు. అయితే ఆ నెమ్మది సీక్వెన్సర్‌ని ఒక చుట్టు పూర్తయినప్పుడే కదపాలి, లేకపోతే తోక మధ్యలో తెగుతుంది.

అర్ధరాత్రి_ఆసిలేటర్
మిశ్రం ప్రయత్నించాను. సగం పనిచేసింది, అక్షరాలా సగం. ఒక చుట్టు స నుంచి మొదలవుతుంది. తర్వాతి చుట్టు స మింగేసి రి నుంచి మొదలవుతుంది. మళ్ళీ స, మళ్ళీ రి. మూడు గంటలు కూర్చున్నా. కేబుళ్ళన్నీ పీకి మళ్ళీ పెట్టినా అంతే. మార్పు కావాలన్నాను నిజమే, ఇలా కాదు.

వోల్టేజ్_వైజాగ్
7 ఎలా తెచ్చారు? స్టెప్స్ నాబ్‌తోనా, రీసెట్‌తోనా?

అర్ధరాత్రి_ఆసిలేటర్
క్లాక్‌ని 7తో డివైడ్ చేసి రీసెట్‌కి ఇచ్చా. నాబ్ 8 మీదే ఉంది. హార్డ్‌వేర్ వీడియో ఒకదాంట్లో అలా చేశారు.

సోల్డర్_సుబ్బు
నాబ్ ఉండగా డివైడర్. తలుపు తీసి ఉండగా గోడ దూకడం.

వోల్టేజ్_వైజాగ్
దూకినా పనిచేయాలి కదా. రీసెట్ క్లాక్ కంటే ముందొస్తే ఇలాగే అవుతుంది. ముందు మొదటి స్టెప్‌కి వెళ్తుంది, వెంటనే వచ్చిన క్లాక్ రెండోదానికి తోసేస్తుంది. కానీ ర్యాక్‌లో ఒక్కో కేబుల్‌కి ఆలస్యం ఒక్క శాంపిలే, 48 కిలోహెర్ట్జ్ దగ్గర 0.02 మిల్లీసెకన్లు. రీసెట్ వచ్చాక 1 మిల్లీసెకను వరకు క్లాక్‌ని పట్టించుకోకూడదని వీసీవీ మాడ్యూల్ రాసేవాళ్ళకి చెబుతుంది. అంటే ఒకటి రెండు శాంపిళ్ళ తేడా ఇబ్బంది పెట్టదు. మీది అంతకంటే ఎక్కువ తేడా అయ్యుండాలి. పైగా చుట్టు విడిచి చుట్టు. దారిలో ఏమైనా ఉందా?

లలిత_ఎల్‌ఎఫ్‌ఓ
స్వింగ్ వేశారా?

అర్ధరాత్రి_ఆసిలేటర్
వేశా. 60 శాతం. టెంపో 120. ఎలా తెలిసింది?

లలిత_ఎల్‌ఎఫ్‌ఓ
చుట్టు విడిచి చుట్టు అన్నారు కదా, అక్కడే దొరికిపోయింది. స్వింగ్ ఆలస్యం చేసేది సరి సంఖ్య క్లాకుల్ని. 7 బేసి. మీ చుట్లు 1, 8, 15, 22 క్లాకుల దగ్గర మొదలవుతాయి. 1, 15 స్వింగ్ తగలనివి, అక్కడ అంతా సవ్యమే. 8, 22 ఆలస్యంగా వచ్చేవి.

120 టెంపోలో పదహారో వంతు స్వరం 125 మిల్లీసెకన్లు. 60 శాతం స్వింగ్ అంటే రెండోది 125 దగ్గర రావాల్సింది 150 దగ్గర వస్తుంది, 25 ఆలస్యం. మీరు సీక్వెన్సర్‌కి స్వింగ్ వేసిన క్లాక్ ఇచ్చి, డివైడర్‌కి మాత్రం వేయని క్లాక్ ఇచ్చారు. కాబట్టి రీసెట్ 25 మిల్లీసెకన్లు ముందొచ్చి స మీద కూర్చోబెట్టింది. అప్పటికి గేట్ లేదు, స మోగలేదు. తర్వాత క్లాక్ వచ్చి రి మీదకి తోసి గేట్ తెరిచింది. పైన చెప్పిన 1 మిల్లీసెకను రక్షణ 25ని ఏం కాపాడుతుంది?

తీన్మార్_303
అక్కా నువ్వు పోలీసుల చేరాల్సింది.

అర్ధరాత్రి_ఆసిలేటర్
అదే! డివైడర్‌కి మామూలు క్లాకే వెళ్తోంది! మూడు గంటలు 😭

వోల్టేజ్_వైజాగ్
రెండు దారులు. డివైడర్‌కి కూడా స్వింగ్ వేసిన క్లాకే ఇవ్వండి. లేదా మృదంగం గారు చెప్పినట్టే చేయండి: నాబ్ 7 మీద పెట్టి, 32కి ఒకసారి రీసెట్. 32 సరి సంఖ్య, రీసెట్ పడేది 1, 33, 65... అన్నీ స్వింగ్ తగలని చోట్లే. ఆయన మాటని మీరు మొదట్లోనే సరిగ్గా వింటే ఈ గొడవే లేదు.

ఇంకొకటి చూసుకోండి: మీ డివైడర్ పల్స్ 32వ క్లాక్ దగ్గర ఇస్తుందా, 33వ దాని దగ్గరా? కొన్ని అలా, కొన్ని ఇలా. 32వ దానికే ఇస్తే ఒక స్వరం ముందే తెగిపోతుంది, పైగా అది స్వింగ్ తగిలే చోటు.

మృదంగం_వారబ్బాయి
మా గురువుగారు ఒక్క అక్షరం తేడాకి తొడ మీద ఒక్కటేసేవారు. మీకు డివైడర్ వేస్తోంది.

లలిత_ఎల్‌ఎఫ్‌ఓ
ఇదంతా కుదిరాక ఒక చిన్న పని చేసి చూడండి. మీ మోహనం ప్యాటర్న్‌ని అసలు ముట్టుకోకండి, నాబ్ ఒక్కటి కూడా. కింద ఒక బాస్ ఆసిలేటర్‌ని డ్రోన్‌గా (తంబూరాలా ఆగకుండా మోగేలా) స మీద పెట్టండి. నాలుగు ఆవృతాల తర్వాత ఆ డ్రోన్‌కి మాత్రం 2/12 వోల్ట్, అంటే 0.167 కూడండి. డ్రోన్ రి మీదకి వెళ్తుంది. చెవి రిని స అనుకోవడం మొదలుపెట్టాక పైన వినిపించేది మధ్యమావతి. గ మీదకి, 0.333 వోల్ట్‌కి జరిపితే హిందోళం. ప మీద శుద్ధ సావేరి. గ్రహభేదం. ఒక్క కేబుల్.

డల్లాస్_డ్రోన్
నా పేరు సార్థకమైంది.

మృదంగం_వారబ్బాయి
గమకం లేకుండా హిందోళం అంటే మా ఇంట్లో అన్నం పెట్టరు. కానీ లెక్క సరే.

లలిత_ఎల్‌ఎఫ్‌ఓ
ఒప్పుకుంటా. ఇవి ఆ రాగాల అస్థిపంజరాలే. స్లూ లిమిటర్ (వోల్టేజ్‌ని నెమ్మదిగా మారనిచ్చేది) పెట్టి కొన్ని స్వరాలని జార్చొచ్చు, అయినా గమకం అనను.

అర్ధరాత్రి_ఆసిలేటర్
ఇప్పుడున్న ప్యాచ్: స్టెప్స్ 7, 32కి రీసెట్ (నా డివైడర్ 33 దగ్గరే ఇస్తోంది, చూసుకున్నా). బెర్నూలీ 80 శాతం కాదు 90, సమం మాత్రం ఖాయం. నాలుగు ఆవృతాలకి డ్రోన్ స నుంచి గకి వెళ్ళి వస్తుంది. మార్బుల్స్ తీసేశా. ముక్తాయి ఇంకా పెట్టలేదు, అది ఆదివారానికి.

రాత్రి ఇరవై నిమిషాలు వదిలేసి కాఫీ పెట్టుకోవడానికి వెళ్ళా. తిరిగొచ్చేసరికి అమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. "కారు వెళ్ళిపోయిందా?" అన్నా. "ఇది కారు కాదులే" అంది. కాసేపాగి, "చివర్లో ఒక చోట గబుక్కున మొదటికి వచ్చేస్తోంది, అక్కడ ఏదో తప్పు పోయింది చూసుకో" అంది.

సోల్డర్_సుబ్బు
అమ్మగారు 32 లెక్కపెట్టారు!!

తీన్మార్_303
లలితక్కా, వినేటోళ్ళు లెక్కవెట్టరు అన్నవ్ 😄

లలిత_ఎల్‌ఎఫ్‌ఓ
40 లెక్కపెట్టరన్నాను. 32 వేరే సంగతి.

అర్ధరాత్రి_ఆసిలేటర్
మృదంగం గారూ, ఆ తెగే చోటు సరిచేయమంటారా? చివరి 4ని వేరే ముక్కతో నింపొచ్చేమో.

మృదంగం_వారబ్బాయి
ముట్టుకోకండి. ఇంకో నాలుగు రోజులు విననివ్వండి ఆవిడని.